యాడ దిగల్ల?

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
ఇంజను కూతకి గిన్నెలోని స్క్రూలు వణికేంత దగ్గర,
మెట్ల కింద కొట్టు నాది.
బోర్డు మీద లాప్‌టాప్ రిపేరి అనే ఉంది గానీ
కొత్తగా వచ్చేటోళ్లు అడిగేది ఒకటే:
"అక్కా, దీంట్లో ఏది ఎక్కించమంటావు?"

ఎక్కించడమనే మాట మా ఇంట్లో
నేను పుట్టకముందు నుంచీ రైలుదే.
నాయన పాయింట్స్‌మన్.
సంచులు మోసుకోని బెదురు చూపులతో ఎవరన్నా వచ్చి
ఏ బండి ఎక్కాల సామీ అంటే
బండి పేరు చెప్పేవాడు కాదు.
"ముందు యాడ దిగల్లో చెప్పు" అనేవాడు.

మొన్న పెన్నోబులేసు వచ్చినాడు.
పాలిటెక్నిక్ మొదటేడు.
వాళ్ల మామ వాడి వాడి వదిలేసిన లాప్‌టాప్,
చార్జరు మెడకి నల్ల టేపు.
"అన్నిటికంటే కొత్తది కావల్ల" అన్నాడు
కొత్త చొక్కా అడిగినట్ల.
మూత తీసి చూస్తిని. రెండు జీబీ.
ఫ్యాను సద్దు పిండిమర మాదిరి.
"అబ్బీ, కొత్త బండి బలే పరిగెత్తుతాది,
నీ ఊర్లో మాత్రం ఆగదు.
ఇది ప్యాసింజరు మిషను.
దీనికి తగిన తేలికైందొకటి ఉంది,
ఊరికే దొరుకుతాది,
సోకు తక్కువ."
మొగం చిన్నది చేసుకున్నాడు.
సరేలెమ్మని పెన్‌డ్రైవ్‌లోంచే నడిపించి చూపిస్తిని.
పాతది చెరపలేదు, కొత్తది నాటలేదు,
ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకోని
పెట్టెలోకి తొంగి చూసినట్ల.
"నచ్చకపోతే దిగిపో" అన్నా.
గంటైనా లేవలేదు వాడు.

వజ్రకరూరు వన్నూరప్ప సారుకి
ముప్పై రెండు, అరవై నాలుగు లెక్క అంతుబట్టలేదు.
"మీటరు గేజి గుర్తుందా సార్" అన్నానో లేదో
చెయ్యెత్తి ఆపినాడు.
ఇరుకు పట్టాల మీద వెడల్పు బండి నిలబడదని
నేను చెప్పాల్నా ఆయనకి?
పట్టాలు పీకిన వారం
చిన్న ఇంజన్లు షెడ్డులో వరసగా తుప్పు పడతాంటే
రోజూ సైకిలాపి చూసిన మనిషి.

నాకే అన్నీ తెలుసనుకున్న కాలమొకటుండె.
ఉరవకొండ హనుమక్క,
పెండ్లి పత్రికలు కంపోజు చేసే మనిషి,
"దుమ్ము దులిపి ఇయ్యి పాపా" అని మిషను దించి పోయింది.
దుమ్ము దులిపి, ఊరుకోక,
మేలు చేస్తాండాననుకోని కొత్తది ఎక్కిస్తిని.
యాడ దిగల్లో అడగలేదు.

తెల్లారి తెరిస్తే
పదైదేండ్లుగా ఆమె వేళ్లకి అలవాటైన అక్షరాలు
ఆ కొత్త ఇంట్లో పలకలేదు.
ఒత్తులు రాలినాయి, గుడులు విరిగినాయి,
శుభలేఖ నిండా
ఖాళీ గళ్లు, ఖాళీ గళ్లు.
ముహూర్తం నాలుగు దినాలు.
ఒక్క మాట తిట్టలేదు హనుమక్క.
తెర మీద వేలు పెట్టి
"పెండ్లికూతురి పేరు యాడికి పాయె?" అనింది.

రెండు రాత్రులు పట్టింది వెనక్కి తేనీకి.
ఆ పాతదానికి ఇప్పుడు ఎవరూ కాపలా లేరు,
తాళాలు మార్చేటోళ్లు లేరు,
అందుకని నెట్టు వైరు పీకేసి
పెట్టె మీద మార్కరుతో రాసిచ్చినా:
దీనికి ఇంటర్నెట్ చూపీవద్దు.
ఇప్పటికీ పత్రికలు కొడతానే ఉంది దాంట్లో.
నా పెండ్లిదీ ఆమే కొట్టింది, లెక్క తీసుకోలేదు.

పోతా పోతా పెన్నోబులేసు తిరిగి అడిగినాడు:
"నువ్వేది వాడతావక్కా?"
బిల్లులు రాసుకునే నా పెట్టె
మార్చు మార్చు అని పొద్దున్నుంచి మూడు సార్లడిగింది,
మూడు సార్లూ "తర్వాత" నొక్కినా.
ఏం చెప్పల్ల వానికి?

అవతల మైకులో
ఏదో బండి ప్లాట్‌ఫారం మారిందని
మూడు భాషల్లో చెప్తాండారు.
ఎవరో ఒకాయప్ప నెత్తిన మూటతో
మూడూ విని
తప్పు వైపే పరిగెత్తుతాండాడు.